మూసాపేట మలుపులో పసుపు రాయి

డెబ్బైలలో ఒక మధ్యాహ్నం విజయవాడ నుంచి బొంబాయి వైపు జీపు నడుపుకుంటూ వెళ్తున్నాను. మూసాపేట దాటాక మలుపులో పసుపు రాసిన రాయి కనిపించింది. ముందున్న లారీ నెమ్మదించింది. నేనూ వేగం తగ్గించి ఒంటిచేత్తో దండం పెట్టుకున్నాను. రాయికి బొట్టు పెడుతున్న ఒక పెద్దామెను చూసి ఆగాను.

“ఏ అమ్మవారండీ?”

“అమ్మవారు ఏంది సారూ, మా బిడ్డ. బడికి పోతుంటే ఈడనే లారీ గుద్దింది. మెల్లగ పోవాలని సర్కారోళ్లు బోర్డు పెట్టిన్రు. ఒక్కడు ఇనలే. గందుకే ఈ రాయి పాతి పసుపు రాసిన. ఇగ అందరు మెల్లగ పోతున్రు.”

వెనక్కి తిరిగి చూస్తే బోర్డు ఉంది, నిలువెత్తుది. దాన్ని దాటే వచ్చాను. చూసిన గుర్తే లేదు.