వెనక్కిచ్చిన మూట

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి, సాపు చేసుకుని, వాటి మీదే చదవడం నేర్చుకున్నాను. అలాంటి ఒక కాగితంలోనే చదివాను: ఏదో దేశంలో, సరుకు తయారుచేసినవాళ్లే దానికి చుట్టిన కవర్లు జనం పారేశాక ఎత్తించే ఖర్చులో కూడా వాటా పెట్టుకోవాలట. నాకు అందులో వింతేమీ కనపడలేదు. కాలవ నుంచి పొలాలకి నీళ్లు తెచ్చే మా పంటబోదె కట్టుబాటూ అదే. కాలవకి నీళ్లొదిలే ముందు, బోదె కింద పొలమున్న ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి పార పట్టుకుని పూడిక తీయడానికి రావాలి. రాలేనివాడు బదులు మనిషిని పంపాలి.

తొంభైలు సగం గడిచేసరికి ఆ పూడికలో మట్టి కంటే కవర్లే ఎక్కువయ్యేయి. అందులోనూ ఎక్కువ ఒకే కంపెనీ షాంపూవి. నా అరెకరం బోదెకి చిట్టచివర. పైన ఎక్కడ అడ్డుపడినా ఎండేది నా నారుమడే. ఆ ఏడు నీళ్లొదిలిన నాలుగు రోజులకే తూము మూసుకుపోయి మడి నెర్రెలిచ్చింది. తూములోంచి తీసిన కవర్లన్నీ ఎరువుల సంచిలో తొక్కి, కొబ్బరితాడుతో మూతి కట్టి, బస్సెక్కి అమలాపురంలో ఆ కంపెనీ సరుకు దింపే కొట్టుకి పట్టుకెళ్లాను.

కొట్టాయన మర్యాదస్తుడే. కుర్చీ వేయించేరు.

"కూల్‌డ్రింకు సీసాలైతే వెనక్కి తీసుకుంటారండీ. కవర్లు ఎవరు తీసుకుంటారండీ?"

"తీసుకోకపోతే ఒక మనిషినైనా పంపమనండి. మా బోదెలో పనుంది."

"కంపెనీ బొంబాయిలో ఉంది బాబాయ్ గారూ. పార పట్టుకుని రమ్మంటారా?"

గుమాస్తాలు నవ్వేరు.

"అంత దూరం నుంచీ కవరు రాగలిగింది కదండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆయ్, ఉంచి వెళ్లండి. కంపెనీకి రాసి చూస్తాను," అన్నారు.

ఉంచేసి వచ్చాను. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను కూడా.

వారం తిరక్కుండా బోదెలో నీళ్లు మళ్లీ నిలిచిపోయేయి. పక్క పొలం కుర్రరైతూ నేనూ తూములో చేతులు పెట్టి లాగితే మూట వచ్చింది. ఎరువుల సంచి. మూతికి నా కొబ్బరితాడు, నేను వేసిన ముడి. ఆ కొట్టు వెనకే మా బోదెకి నీళ్లొచ్చే కాలవుందని నాకు తెలుసు. తెలిసే ఉంచి వచ్చాను.

"విడివిడిగా పడేస్తే చాలదనుకున్నాడు కాబోలండీ, మూట కట్టి మరీ పడేశాడు. ఎవడో గాని ఓపికున్నవాడే, మావయ్య గారూ," అన్నాడతను.

నేను మూట భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చేశాను.

నీళ్లు అందేసరికి నారు ఎర్రబడిపోయింది. ఇంకొకరికి మిగిలిన నారు కోసం వాళ్ల గట్టు మీద నిలబడి అడగాల్సొచ్చింది.

మరుసటి ఏడు పూడికకి అన్ని ఇళ్ల మనుషులూ వచ్చేరు. కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. ఆ రానివాడి వాటా నేనే తీశాను. నడుం పట్టేసింది. సంచి మాత్రం మా గొడ్లసావిట్లో ఓ మూల అలాగే పడి ఉంది. ఎవరికి వెనక్కివ్వాలో తెలీక ముడి విప్పలేదు.