కాఫీ కప్పుల్లో బోల్దో కషాయం

దోన్ కసిమిరో ఒహేదా చదివింది మూడో తరగతే. అయినా బ్యూనస్ ఐరిస్‌లోని సైనిక భవనంలో, రెండో అంతస్తులో, ఇరవై ఏడేళ్లు కాఫీ అందించాడు. పదికి పైగా ప్రభుత్వాలు మారాయి, ఆయన మారలేదు. ఒంటిచేత్తో పదకొండు కప్పులు మోసేవాడు. రాయబారుల ఒళ్లో గానీ, బిషప్పు గారి అంగీ మీద గానీ ఒక్క చుక్క ఒలికించిన పాపాన పోలేదు. ఉత్తరాన కొర్రియెంతెస్ రాష్ట్రపు పల్లెల నుంచి రాజధానికి వచ్చినవాళ్లలో అంత నిబ్బరమైన చెయ్యి మరొకరికి లేదు.

ఆ డిసెంబరులో మాత్రం ఆయనకు తిండి సయించలేదు. దక్షిణాన మూడు దీవుల కోసం చిలీతో యుద్ధం తప్పదంటున్నారు. ఒక్కగానొక్క కొడుకు ఫెర్మిన్ పంతొమ్మిదేళ్లవాడు, నిర్బంధ సైనిక సేవలో ఆ సరిహద్దులోనే ఉన్నాడు. సెలవు మీద వచ్చిన తోటి సిపాయి చేత ఉత్తరం పంపాడు. "నాన్నా, ఫిరంగులు వచ్చాయి. గుండ్లు మాత్రం ఇంకో రకం ఫిరంగులవి. చలికి కాలివేళ్లకు స్పర్శ ఉండటం లేదు. అమ్మకు చెప్పకు."

అమ్మ జులేమా ఆ ఉత్తరం చదవనే చదివింది.

"ఇన్నేళ్లు వాళ్ల మధ్యే తిరిగావు కదయ్యా, ఒక్క మాట చెప్పలేవా?"

"నేను గోడలాంటివాణ్ణే. గోడ మాట్లాడుతుందా?"

"గోడకు చెవులుంటాయిగా. నోరు మాత్రం ఎవరికి తాకట్టు పెట్టావు?"

పైకి పోయే కాగితం మెట్టుమెట్టుకూ ఎలా తియ్యనవుతుందో కసిమిరోకు తెలుసు. సరిహద్దులో "గుండ్లు లేవు" అని బయలుదేరిన మాట, దళం కచేరీలో "తక్కువగా ఉన్నాయి" అవుతుంది, రెండో అంతస్తు చేరేసరికి "అంతా సిద్ధం" అయి కూర్చుంటుంది.

అక్కడ సలహా రాసే పెద్దలు ముగ్గురు: సైన్యం నుంచి కర్నలు, నౌకాదళం నుంచి కెప్టెను, వైమానిక దళం నుంచి కమడోరు. ముగ్గురూ సంతకం పెడితేనే కాగితం పైకి కదులుతుంది. ఒకడు "మావాళ్లు వారంలో దాటేస్తారు" అంటే, రెండోవాడు "మావాళ్లకు మూడు రోజులు చాలు" అనేవాడు. "వద్దు" అని ముందుగా నోరు జారినవాణ్ణి మిగతా ఇద్దరూ పిరికివాడని పైవాళ్లకు చాడీలు మోసేస్తారు. చిలీ కంటే ఎదురు కుర్చీలోవాడికే భయపడేవారు.

వాళ్లెవరికీ తెలియనిది కసిమిరోకు తెలుసు. పది రోజులుగా ఒక్కొక్కరే వంటగదిలోకి వచ్చి, "కసిమిరో, కడుపు తిప్పేస్తోంది. నా కప్పులో కాఫీ వద్దు, బోల్దో ఆకు కషాయం పోసివ్వు. వాళ్లకు తెలియనీకు," అని గొణిగి పోతున్నారు. ఆయన పంచదార మాడ్చి, కషాయానికి కాఫీ రంగు తెప్పించేవాడు. బల్ల చుట్టూ ఆకువాసన గుప్పుమనేది. ఎవడికి వాడు అది తన కప్పుదేననుకుని గబగబా తాగేసేవాడు.

మంగళవారం మధ్యాహ్నం కాగితం సిద్ధమైంది. శుక్రవారం ఓడలు కదలాలని అందులో ఉంది. కాఫీ తాగి సంతకాలు పెడదామన్నారు.

కసిమిరో ఆ రోజు పంచదార మాడ్చలేదు. మూడు గాజుగ్లాసుల్లో పచ్చటి కషాయం, ఆకులు తేలుతుండగానే, తెచ్చి పెట్టాడు.

"ఏమిటిది?" కర్నలు ముఖం ఎర్రబడింది.

"బోల్దో, కర్నలు గారూ. రోజూ తమరడిగేదే."

"నాకెందుకు తెచ్చావు?" అన్నాడు కెప్టెను.

"తమరూ రోజూ అడిగేది ఇదే కదండీ. కమడోరు గారిదీ ఇదే."

ముగ్గురూ గ్లాసుల వంక చూశారు, తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. కమడోరుకు ముందు నవ్వొచ్చింది.

"ఏం కర్నల్, మూడు రోజులు చాలన్నావు! కడుపు ఒప్పుకోలేదా?"

"నీ కడుపు ఎగురుతోందా మరి?"

"నా విమానాలే ఎగరవు, కడుపొకటా!"

"పోనీ గుండ్లున్నాయా నీ దగ్గర?" అని కెప్టెను కర్నల్ని మెల్లగా అడిగాడు.

"ఉన్నాయి," అన్నాడు కర్నలు. గ్లాసులో తేలే ఆకును వేలితో పక్కకు నెట్టి, "ఫిరంగులకు సరిపోయేవి కావు," అన్నాడు.

అయినా "యుద్ధం వద్దు" అని రాయడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. చివరికి "సముద్రం అల్లకల్లోలంగా ఉంది, పదిహేను రోజుల గడువు కావాలి" అని రాశారు. వాతావరణం మీద నెపం వేస్తే ఎవరి మీసమూ వంగదు. మూడు సంతకాలూ పడ్డాయి.

మర్నాడే కసిమిరోను కింది అంతస్తు గిడ్డంగికి మార్చారు. తమ భయాన్ని కళ్లారా చూసినవాణ్ణి రోజూ ఎదురుగా పెట్టుకోవడం ఎవరికిష్టం? ఆ గడువులోనే పైవాళ్ల మాటలు మెత్తబడ్డాయి, పెద్దమనుషులు మధ్యవర్తిత్వానికి దిగారు. యుద్ధాన్ని కషాయం ఆపిందని వాడలో జులేమా చెప్పుకుంటుంది. ఆయన మాత్రం ఎవరడిగినా, "కడుపునొప్పికి మంచి మందు," అని ఊరుకుంటాడు.

మార్చిలో ఫెర్మిన్ ఇల్లు చేరాడు. గుమ్మంలోనే జులేమా కొడుకును కూర్చోబెట్టి, బూట్లు లాగేసి, మేజోళ్లు విప్పి, కాలివేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని లెక్కపెట్టింది.

"పదీ ఉన్నాయయ్యా!" అని లోపలికి కేకేసింది.

కసిమిరో వచ్చి, నమ్మకం చాలనట్టు, తనూ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.