బరువు లేని తిట్టు

రొయ్య పిల్లలను పెంచే మా హేచరీ కావలికి తూర్పున, సముద్రం ఒడ్డునే ఉంది. విదేశం నుంచి వచ్చిన సలహాదారు ఒకాయన అక్కడ నాలుగేళ్ళు పనిచేశాడు. ఎఫ్‌తో మొదలయ్యే ఆ మాట లేకుండా ఆయనకు వాక్యం పూర్తయ్యేది కాదు. మోటారు ఆగితే అదే, టీ బాగుంటే అదే. మాలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆయన మాటలు తెలుగులో చెప్పడం నా నెత్తిన పడింది.

"ఏమంటాండాడు అబ్బయా?" అని అడిగేవాడు ట్యాంకులు కడిగే అన్న. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఆయనే.

"తొందరగా కానీమంటాండాడన్నా" అనేవాణ్ణి. రోజుకు ఇరవైసార్లు అదే అబద్ధం. చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయింది.

డిక్షనరీలో అర్థం చూశాను. తెలిసింది గాని గుచ్చుకోలేదు. చిన్నప్పుడు తెలుగు బూతు ఒకటి నోరు జారితే మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ కాగితం మీద రాయలేను. ఇంగ్లీషుది మాత్రం ఆ సలహాదారు నా మొహానే అన్నా, ఇంటికెళ్ళి హాయిగా అన్నం తిన్నాను. వినీ వినీ నా నోటికీ పట్టుకుంది.

ఆయన వెళ్ళిపోయాక మేనేజరు పని నాకు అంటగట్టారు. మొన్న ఎండాకాలంలో ఒక ఉదయం, అన్న గొట్టానికి వడపోత సంచి కట్టడం మరిచిపోయి సముద్రపు నీళ్ళు నేరుగా పిల్లల ట్యాంకులోకి వదిలేశాడు. వడకట్టని నీళ్ళతో పిల్లలకు రోగాలొస్తాయి, ఇక ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే. వారం రోజులుగా సెలవు లేక ఒళ్ళు పులిసిపోయి ఉన్నాను. అందరి ముందూ ఆయన్ని ఆ మాట అనేశాను. తెలుగులో ఆయన్ని "ఒరే" అనడానికి కూడా నాకు నోరు రాదు. అది మాత్రం సులువుగా వచ్చేసింది.

అన్న చీపురు పక్కన పెట్టాడు. "తొందరగా కానీమంటావా?" అన్నాడు.

నేను ట్యాంకు వైపు తిరిగాను.

"అదేందో నాకు మొదట్నుంచీ తెలుసబ్బయా. ఆయన తిడతా ఉంటే నువ్వు మెత్తగా మార్చి చెప్తా ఉంటివి. మనోడు మనల్ని కాస్తా ఉండాడులే అనుకున్నా. ఇప్పుడు నువ్వే తిడితే, మార్చి చెప్పేదానికి ఎవురుండారు?"

సిగ్గుతో తల వాలిపోయింది. మన్నించమని అడగాలి. నోరు తెరిస్తే "సారీ అన్నా" అని వచ్చింది. అదీ నాకు ఏ బరువూ లేని మాటే. ఆయన తల ఊపి, సంచి తీసుకుని గొట్టం దగ్గరికి వెళ్ళాడు.