ఇరవై మూడో వారం

మా అక్కకి కోపం ముక్కు మీదుంటుందని వీధంతా అంటారు. శుద్ధ అబద్ధం. కోపం నాది, మొండితనం అక్కది. దర్జీ దుకాణం నడవాలంటే రెండూ ఉండాలి. లేకపోతే జనం కొలతలు తీసుకునే టేపుతోనే మనల్ని కట్టేసి పోతారు.

రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా మేకులు. అదీ మా దుకాణం. కత్తిరింపు అక్కది, కాజాలూ గుండీలూ నావి. ఏ బట్ట వచ్చినా అక్క ముందు లోపలి వైపు తిప్పి కుట్టు చూస్తుంది. పైమెరుగులకు పడిపోయే మనిషి కాదు.

అలాంటి మనిషి ఒకసారి పోస్టాఫీసులో రిటైరైన మేడమ్ చెప్పిన మాటకి పడిపోయింది. ఆవిడ కోటు వదులు చేయించుకోవడానికి వచ్చింది. సముద్రం పక్కన ఒక రిసార్టులో ఏటా ఒక వారం ఆవిడకి గది ఉంది. ఎప్పుడో కొనుక్కున్న సభ్యత్వం. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి తక్కువలో రాసిచ్చేస్తానంది.

బస్సు నడిపే మా బావ నవ్వాడు. "ఎవరో వాడేసిన సెలవులు మనకెందుకే?"

"ఎవరో వాడేసిన బట్టలు సరిచేసేగా నేను బతుకుతున్నది! సెలవులకేం రోగం?" అంది అక్క.

ఆ కాగితాలను కూడా బట్టను తిప్పినట్టే వెనక నుంచి ముందుకి చదివింది. చేతులు మారితే హక్కులు తగ్గుతాయా, గదిలో ఐదుగురు పడతారా, ఏటా ఏం కట్టాలి, అన్నీ నిలదీసి అడిగి సంతకం పెట్టింది. వారం దగ్గర ఇరవై మూడు అని అంకె ఉంది. అది మాత్రం మా ఇద్దరి కంటికీ ఆనలేదు. వారాలకు నంబర్లు వేసి ఎవరు లెక్కపెడతారండీ? మాకు ఏడాదంటే పెళ్ళిళ్ళ కుట్టు, యూనిఫాంల కుట్టు, చలికోట్ల కుట్టు. అంతే.

అక్క పెద్దకూతురు క్యాలెండరు తీసి జనవరి నుంచి వారాలు వేలితో లెక్కపెట్టింది. "అమ్మా, ఇది బడి తెరిచే ముందు వారం. ఇంకో వారానికి మార్చరట."

మూడొందల మంది పిల్లల యూనిఫాంలు మా నెత్తిన పడే వారం అది! ఆ వారం వల్లే అక్క ఇన్నేళ్ళుగా పిల్లలతో గడప దాటలేదు. సొంత కూతురి బట్టలు ఎప్పుడూ ఆఖరున కుట్టేది. బడి తెరిచే రోజు పొద్దున్నే వేడివేడి ఇస్త్రీ గౌనులో ఆ పిల్ల పరుగెత్తేది. ఆ పిల్లకి ఇదే బడిలో ఆఖరి ఏడాది, పై ఏడు హాస్టలు.

"మేడమ్ వెనక్కి తీసుకుంటానంటోంది, ఇచ్చేద్దాం అక్కా," అన్నాను.

అక్క క్యాలెండరు మళ్ళీ మేకుకి తగిలించింది. "తొమ్మిదేళ్ళు ఈ వారం బడికిచ్చాను. ఇప్పుడు కాగితం మీద నా పేరుంది. ఇది నాది. ఎవరికీ ఇవ్వను."

ఆ రోజే బడి మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఈసారి బట్ట నెల ముందు పంపమని చెప్పింది. ఆ ఏడు యూనిఫాం రంగు కూడా మార్చారు. "చూద్దాంలేమ్మా," అని నమూనాకి ఒక్క జతకు సరిపడా ముక్క ఇచ్చాడు. ఆ నమూనాని అక్క తన కూతురి కొలతలకు కుట్టి, చూపించి, సరేననిపించుకుని, తెచ్చి మేకుకి తగిలించింది. మిగతా బట్ట ఏమైంది? ఎప్పటిలాగే అయింది. మేము సంచులు సర్దుకుని బయల్దేరుతుంటే, తానులు ఆటోలో వేసుకుని మేనేజరు దిగాడు!

"వారం పైనే ఉంది కదమ్మా, కానిచ్చేయండి."

"నెల నుంచి మొత్తుకుంటున్నాం, మీ చెవులకు దూది పెట్టుకున్నారా?" అని నేను అందుకున్నాను. అక్క నన్ను ఆపింది.

"సార్, ఈ వారం నేనుండను."

"ఆర్డరు పోతుంది మరి. ఇక ఏ ఏడూ రాదు."

"పోతే పోనివ్వండి."

అక్క షట్టరు దించేసింది. నాకు భయమేసింది, అబద్ధమెందుకు? దుకాణానికి సగం తిండి పెట్టేది ఆ ఆర్డరే. అయినా అక్క తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

రిసార్టులో మొదటి రోజు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. పిల్లలిద్దరూ చెరోపక్కా కూర్చుని, అమ్మ పగలు నిద్రపోవడమేంటని వింతగా చూశారు. తర్వాత ఆరు రోజులూ వాళ్ళతో అలల్లోనే ఉంది. బావ పిలిచినా బయటికి రాలేదు.

ఆర్డరు పక్కవీధి దర్జీకి వెళ్ళింది. వారం రోజుల్లో అతని వల్లా కాలేదు. బడి తెరిచిన రోజు సాయంత్రం, అక్క ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తుంటే కూతురు దుకాణంలోకి వచ్చింది.

"బడి మొత్తంలో కొత్త యూనిఫాం నా ఒక్కదానికే ఉందమ్మా. నీకొక్కదానికే ఎలా వచ్చిందని మా హెడ్ మేడమ్ అందరి ముందూ అడిగింది."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మ ఈసారి ముందు నాది కుట్టిందండీ అన్నాను."

అక్క మిషను ఆపింది. "ఏమన్నావో మళ్ళీ చెప్పవే," అంది.