రాణిగారి మెడ చుట్టూ లేసు

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవంలో పాతకాలపు ఇంగ్లండు రాణి వేషం వేసింది. గౌను నేనే కుట్టాను. అప్పటిదాకా జాకెట్లు, పరికిణీలు తప్ప కుట్టని దాన్ని, చరిత్ర పుస్తకంలో బొమ్మ ముందు పెట్టుకుని, బుట్ట చేతులూ అవీ పెట్టి కుట్టిపారేశాను. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, బాగా వచ్చింది. చిక్కల్లా మెడ చుట్టూ వేసిన నైలాన్ లేసుతోనే. రిహార్సల్లో పిల్ల సింహాసనం మీద కూర్చుని ఒకటే గోక్కోవడం.

"ఎల్లుండే నాటకం. ఇలాగే గోక్కుంటే వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తానండీ," అంది టీచరు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే చీరాల బజారంతా తిరిగాను. అన్నీ నైలానే. ఆఖరి కొట్లో, అడుగున, అట్టముక్కలా బిగుసుకుపోయిన తెల్ల లేసు చుట్ట కనిపించింది.

"అది ఇంకా గుచ్చుకుంటుందమ్మా, ఎవరూ కొనట్లేదు," అన్నాడు కొట్టతను.

వేలు తడిచేసి కొసన రుద్దాను. జిగురుగా తగిలింది. గంజి! మా ఇంట్లో మగ్గం ఉంది. నేత ముందు నూలుకి గంజి పెట్టడం రోజూ చూసేదాన్ని, నాకు తెలియదా? లోపలున్నది మెత్తటి నూలే. చుట్ట మొత్తం తీసుకున్నాను.

గోరువెచ్చని నీళ్ళలో మూడుసార్లు నానబెట్టి ఉతికితే, పసిపిల్ల చెవి తమ్మెలా మెత్తబడింది. దండెం మీద ఆరేసి, గౌనుకున్న పాత లేసు విప్పుతూ కూర్చున్నాను. తీరా వెళ్ళి చూద్దును కదా, మళ్ళీ అట్టముక్క!

"అయ్యో అత్తయ్యా, ఏం చేశారు?"

"ఏం చేశానే? నూలు అట్లా సొమ్మసిల్లి వేలాడుతుంటే చూడలేక కాస్త గంజి పెట్టాను," అంది మా అత్తయ్య. నలభై ఏళ్ళుగా నూలుకి గంజి పెట్టిన చెయ్యి, ఊరుకుంటుందా? అంతటితో ఆగిందా అంటే అదీ లేదు. "మగ్గం ఎక్కనిదానివి, నూలు సంగతి నీకేం తెలుసు?"

"మీ మనవరాలి మెడ సంగతి తెలుసు," అన్నాను, గట్టిగానే. పిల్లని పిలిచి మెడ మీది ఎర్రటి గీతలు చూపించాను. అత్తయ్య తనే నీళ్ళు కాచి తెచ్చింది. ఇద్దరం కలిసి మళ్ళీ ఉతికాం.

నాటకంలో మా రాణిగారు చివరిదాకా నిటారుగా కూర్చుంది. ఒక్కసారంటే ఒక్కసారి కూడా చెయ్యి మెడ దాకా రాలేదు. అబ్బ, నేను కూర్చున్న కుర్చీ నాకు చాల్లేదు!

అయ్యాక టీచరు వచ్చి ఆ లేసు పట్టుకు చూసింది. "ఇంత మెత్తగా ఉందేమిటండీ! హైదరాబాదు నుంచి తెప్పించారా?"

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య అందుకుంది. "హైదరాబాదెందుకమ్మా? చీరాల్లోదే. అందరూ వద్దన్న దాన్లో మంచి నూలుందని వేలు పెట్టి చెప్పింది మా కోడలు!"

పన్నెండేళ్ళ కాపురంలో 'మా కోడలు' అని నలుగురిలో ఆమె అంత గట్టిగా అనడం అదే మొదలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మధ్యలో గంజి పెట్టిన సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.