చెరువు మీద లేక్ వ్యూ

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. నేను డిగ్రీలో చేరాను. అమలాపురం చుట్టూ కొత్త కాలనీలు లేస్తున్న రోజులు. కాలేజీకి సైకిలు మీద వెళ్తూ వాటి బోర్డులు చదవడం నాకు అలవాటు. మనుషులతో మాట్లాడాలంటే బెరుకు కాబట్టి, చదవడానికి ఏది దొరికినా వదిలేదాన్ని కాదు. నచ్చిన పేర్లు రాత్రికి డైరీలో ఎక్కించేదాన్ని.

ఒకచోట హిల్ వ్యూ కాలనీ అని ఉండేది. మా సీమలో కొండ సంగతి అలా ఉంచి, పునాదికి రాయి కావాలన్నా గోదావరి అవతలనుంచి లారీలో రావాలి. ఇంకోచోట కొబ్బరితోట మొత్తం కొట్టేసి, మొదళ్ళు కూడా పెకలించి, ఆ చదును నేలకి కోకోనట్ గ్రోవ్ అని పేరు పెట్టారు. రాయల్ స్ట్రీట్ అనే వీధిలో అడ్డంగా పడుకున్న గేదెల్ని లేపితే తప్ప సైకిలు ముందుకు పోయేది కాదు.

నాన్నగారు స్థలం కొన్న చోటు పేరు లేక్ వ్యూ గార్డెన్స్. దాని ముఖద్వారం మీద రెండు సిమెంటు హంసలు. లోపల రోజ్ ఎవెన్యూ, లిల్లీ ఎవెన్యూ. మా ఇల్లు రోజ్ ఎవెన్యూలో. ఆ మట్టిలో గులాబీ సంగతి దేవుడెరుగు, తోటకూర కూడా మొలవలేదు. ఎందుకంటే అంతకు ముందు అది రొయ్యల చెరువు. తొంభైల్లో అందరూ వరిచేలు తవ్వి రొయ్యలు వేసినప్పుడు తవ్విన చెరువు. తెగులొచ్చి రొయ్యలు పోయాక కొన్నాళ్ళు ఊరికే పడి ఉండి, తర్వాత మట్టితో పూడి, ప్లాట్లయింది. కొత్త పేరు ఎవరి నోటా పలికేది కాదు. ఊరందరికీ అది చచ్చిన రొయ్యల చెరువు.

గృహప్రవేశం కార్డులు అచ్చు వేయించే ముందు నాన్నగారు చిరునామా కింద ‘పాత రొయ్యల చెరువు’ అని గుర్తు రాయబోతే అమ్మ ఆపింది.

“ఆ మాట వద్దండి. అన్నయ్య చదువుతాడు.”

అమ్మ అన్నగారు, అంటే మా మావయ్య, రాజోలు దాటి సముద్రం వైపు ఉన్న ఊళ్ళో వ్యవసాయం చేసేవారు. ఆయన కూడా పొలం తవ్వి రొయ్యలు వేశారు. పక్కనే పసుపు కుంకుమల కింద అమ్మకిచ్చిన చిన్న పొలం చెక్క ఉండేది. ఉప్పునీరు దాన్లోకి ఊరి ఆ ఏడు వరి ఎర్రబడిపోయింది. నాన్నగారు నలుగురిలో మావయ్యని ఏదో అన్నారు. ఆ తర్వాత మావయ్య రొయ్యలూ పోయాయి. అప్పటినుంచి ఆయన మా గడప తొక్కలేదు. అమ్మ స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. ఆయన పెరట్లోనే ఉండిపోయారట. అత్త మాత్రం, “తీసుకొస్తాను లెండి వదినా” అందట.

మా వైపు గృహప్రవేశానికి పుట్టింటివారు తెచ్చిన బట్టలు కట్టుకున్నాకే ఇంటి ఇల్లాలు పీటల మీద కూర్చుంటుంది. అవి రాకపోతే పుట్టిల్లు తెగిపోయిందని ఊరంతా అనుకుంటుంది. ఆ రోజు పొద్దున్న అమ్మ పాత పట్టుచీరలోనే అటూ ఇటూ తిరుగుతూ గుమ్మం వైపు చూస్తోంది. బస్సు వచ్చే వేళ దాటిపోయింది.

నాన్నగారి తల్లి, మా మామ్మ, అరుగు మీంచి, “ఏమ్మా, మీ అన్నగారు చీర నేయించి తెస్తున్నారేంటి?” అంది.

పంతులుగారు ముహూర్తం ఇంకాసేపట్లో దాటిపోతుందన్నారు. నాన్నగారు నా వైపు తిరిగి, “సైకిలు తీసుకుని సెంటరు దాకా వెళ్ళి చూడమ్మా. దారి తప్పేరేమో,” అన్నారు. పందిట్లో అందరికీ పని ఉంది, నాకొక్కదానికే లేదు.

బస్సులు ఆగే చోట ఆటోలు వరసగా ఉన్నాయి. ఎవరినీ ఏమీ అడగకుండా రెండుసార్లు అటూ ఇటూ తొక్కాను. మావయ్య కనబడలేదు. చివరికి చెట్టు నీడన బీడీ కాలుస్తున్న ఆటో అతని దగ్గర దిగాను.

“లేక్ వ్యూ గార్డెన్స్ ఎక్కడని ఎవరైనా అడిగేరాండి?”

“ఏంటండీ?”

మళ్ళీ చెప్పాను. గొంతు నాకే వినబడలేదు.

“అలాంటిది ఇక్కడ లేదండి.”

“చచ్చిన రొయ్యల చెరువండి,” అన్నాను. ఈసారి వరసలో ఉన్న ఆటోలన్నీ నా వైపు తిరిగాయి.

“అలా చెప్పండి మరి. ఆయ్, ఒకాయన అడిగేరండి. కూడా ఉన్నావిడ చేతిలో సంచి ఉంది. కార్డు చూపించేరు. లేకు అంటే చెరువే కదండీ, మావోడు కాలవ అవతల చేపల చెరువు కాడికి తీసుకెళ్ళేడు. ఈ చుట్టుపక్కల దానంత పెద్దది లేదు మరి.”

వంతెన దాటి వెళ్ళాను. చేపల చెరువు గట్టు మీద మావయ్య, అత్త నిలబడి ఉన్నారు. మావయ్య చేతిలో కార్డు, అత్త చంకలో బట్టల సంచి. వాళ్ళని దింపిన ఆటో వెళ్ళకుండా పక్కనే ఆగి ఉంది. ఆ కుర్రాడికీ అనుమానం వచ్చినట్టుంది.

“ఇదేనా మీ వ్యూ?” అన్నారు మావయ్య నన్ను చూసి. నవ్వారో కోపంగా ఉన్నారో తెలియలేదు. ఆయన్ని చూసి అన్నేళ్ళయింది.

“ఇది కాదు మావయ్యా. కాలవకి అటువైపు.”

“అక్కడ చెరువుందా?”

లేదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇంటికి వెళ్ళాక మట్టి మీద తేలిన తెల్లటి ఉప్పుపొర ఆయనకెలాగూ కనబడుతుంది.

“ఉండేదండి. పూడ్చి మా ఇల్లు కట్టేరు.”

“చేపలదా?”

“రొయ్యలది.”

మావయ్య కార్డు మడిచి జేబులో పెట్టుకున్నారు. చెరువు వైపు తిరిగి నిలబడ్డారు. వెనక్కి బస్సెక్కేస్తారేమో అనుకున్నాను. అమ్మకి ఏం చెప్పాలో అప్పుడే వెతుక్కోవడం మొదలుపెట్టాను.

“ఆ ముక్క కార్డులో రాస్తే ఈపాటికి టిఫిను తినేసుందుం కదా,” అన్నారు. “రాయొద్దన్నదెవరు? మీ నాన్నగారా?”

“అమ్మండి.”

“ఎందుకంట?”

“మీరు చదువుతారని.”

అత్త సంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. “మీ మావయ్య కార్డులో చదివింది ఒక్కటేనమ్మా, భోజనాలు ఎన్నింటికో. ఎక్కండి ఆటో. ముహూర్తం ఆగుతుందా?”

నేను ముందు సైకిలు మీద, వెనక ఆటో. మలుపు దగ్గరల్లా వెనక్కి తిరిగి, ఆటో వస్తోందో లేదో చూసుకుంటూ తొక్కాను.

నాన్నగారు హంసల దగ్గరే నిలబడి ఉన్నారు. “రండి బావగారూ,” అన్నారు. మావయ్య తల ఊపి, వీధిలోకి నడుస్తూ చెప్పుతో మట్టి గీకి చూశారు. పైన తెల్లగా ఉన్నది రాలి కింద నల్లటి మట్టి కనబడింది.

“పైపైన పూడ్చేడండి బావగారూ మీ ప్లాట్లేసిన వెంచరాయన. రెండు మూడు వానలు పడనిచ్చి అప్పుడు మొక్కలెయ్యండి. ముందెయ్యకండి.”

“అలాగేనండి,” అన్నారు నాన్నగారు. ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు.

అమ్మ అత్త చేతిలోంచి సంచి తీసుకుని గదిలోకి వెళ్ళి, ఆకుపచ్చ చీరలో బయటికొచ్చింది. మడతలు ఇంకా విడలేదు. పంతులుగారు గడియారం చూసుకుని, “సరిపోయింది, కూర్చోండి,” అన్నారు. పాలు పొంగినప్పుడు అందరూ పొయ్యి వైపు చూస్తుంటే అమ్మ మాత్రం మావయ్య వైపు చూస్తోంది. మావయ్య గోడకి ఆనుకుని నిలబడి, పాలనే చూస్తున్నారు.

సాయంత్రం చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్త ఇంట్లో ఆ రాత్రి అయినవాళ్ళు నిద్ర చెయ్యాలి. అమ్మ ఆ మాట నేరుగా అడగకుండా, “ఆఖరి బస్సు ఎన్నింటికి వదినా?” అంది.

అత్త మావయ్య వైపు చూసింది.

“కట్టుకోడానికి ఇంకో పంచె తేలేదు,” అన్నారు మావయ్య.

నాన్నగారు లేచి గదిలోకి వెళ్ళి, ఉతికిన లుంగీ ఒకటి తెచ్చి ఆయన చేతికిచ్చారు. మావయ్య దాన్ని దులిపి భుజాన వేసుకుని, నూతి దగ్గర నీళ్ళు ఉప్పగా ఉన్నాయా అని అడుగుతూ పెరట్లోకి నడిచారు.