పోడు లేని పటం

2007 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొద్దున ఐదూ నలభైకి ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను. ఒళ్ళో అట్టగొట్టం, అందులో చుట్టిపెట్టిన పటం. అవతలి రాష్ట్రంలో గొడవలకు భయపడి అడవి దాటి వచ్చిన పాతిక కుటుంబాల గూడెం పటం అది. మా పరిశోధన బృందం అడిగితే అక్కడి యువతీయువకులే గీశారు: గుడిసెలు, నీటి చెలమ, అడవి కొట్టి సాగుచేసుకుంటున్న పోడు. నివేదికతో సర్కారుకు పంపితే చేతిపంపు వస్తుందని మేమే ఆశపెట్టాం.

శుక్రవారం ఇడిమె ఫోన్ చేసింది. "అక్కా, పటం ఎవలకూ సూపియ్యకు. నువ్వు రా" అని పెట్టేసింది. ఆమెకు పందొమ్మిదేళ్ళు. మిరపకాయలు ఏరే కూలికి ఏన్కూరు వైపు వచ్చి తెలుగు నేర్చుకుంది. గూడెంలో మా మాట వాళ్ళకూ, వాళ్ళ మాట మాకూ చెప్పేది ఆమే.

ఏడుంబావుకు ఏన్కూరులో బస్సు ఆగితే టీ తాగాను. పాల్వంచ వెళ్తున్న పక్క సీటు పెద్దమ్మ గొట్టాన్ని చూసి, "ఏంది బిడ్డా గది?" అంది. "బడి చార్టమ్మా" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే భయమేసింది.

భద్రాచలంలో దిగేసరికి తొమ్మిదిన్నర. రెండు ఇడ్లీలు తిని చర్ల రోడ్డు షేర్ ఆటో ఎక్కాను. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర గార్డు లోపలికి తొంగిచూశాడు.

"యాడికి మేడం? గుడిసెలు లెక్కవెట్టే పనేనా? మొన్ననే మావోళ్ళు లెక్క రాసుకపోయిండ్రు."

"కాదండీ, పిల్లల చదువుల సర్వే."

వెళ్ళమన్నాడు.

ఆటో దిగాక గంట నడక. వెళ్ళేవాళ్ళు నీళ్ళ సీసా మరవొద్దు, దారిలో చుక్క దొరకదు.

గూడెంలో ఇడిమె, వాళ్ళ నాన్న ఉంగయ్య, ఓ పదిమంది కుర్రకారు నా కోసమే కూర్చుని ఉన్నారు. పటం నేల మీద పరిచాం. ఉంగయ్య తమ భాషలో చాలాసేపు మాట్లాడాడు. ఇడిమె తెలుగులో చెప్పింది.

"గుడిసెలు ఫారెస్టోల్లకు ఎరుకే. పోడు యాడుందో ఎరుక లేదు. గుడిసె పీకితే మల్ల ఏసుకుంటం, పోడు పోతే ఏం తింటం అంటుండు అయ్య."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు గావాలె అక్కా. పోడు సంగతి మాత్రం కాగితం జెప్పొద్దు."

ఒక కుర్రాడు మొత్తం కాల్చేద్దామన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. చివరికి ఇడిమె లేచి కత్తి తెచ్చింది. "నేను గీసిన. నేనే కోస్త" అని, పోడు ఉన్న భాగాన్ని కోసి పొయ్యిలో పెట్టింది. అది కాలిందాకా చూసి నా వైపు తిరిగింది.

"గిసొంటిది ఇంకోటి ఉన్నదా?"

దాచకుండా చెప్పాను. జిరాక్సు కాపీ ఉంది. మా బృందాన్ని నడిపే సార్ ఇంట్లో, రేపు పొద్దున పంపబోయే కవరులో.

"అయితే జల్దీ పో అక్కా."

నాలుగింటి బస్సు దొరికింది. కొత్తగూడెంలో పావుగంట ఆగితేనే ప్రాణం విలవిల్లాడింది. ఖమ్మంలో దిగగానే ఖానాపురం హవేలి షేర్ ఆటో పట్టుకుని ఎనిమిదింటికి సార్ గుమ్మంలో నిలబడ్డాను. కవరు అంటించేసి ఉంది.

"పోడు జూపకపోతే వీళ్ళు ఈడ బతుకుతున్నరని ఎట్ల నమ్ముతరమ్మా?" అన్నాడు సార్.

"నమ్మకపోతే పంపు రాదు సార్. చూపిస్తే తిండే పోతుంది. ఏది కావాలో వాళ్ళు చెప్పేశారు."

కవరు మీద రాసిన ఆఫీసు పేరు ఆయన మరోసారి చదివాడు. తర్వాత కవరు చించి జిరాక్సు నా చేతిలో పెట్టాడు. అక్కడే ముక్కలు చేసి, పోడు కోసేసిన పటాన్ని దాని బదులు ఇచ్చాను.

అక్కడి నుంచి మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. మూడేళ్ళుగా ఊళ్ళు తిరిగి ఎందరినో ఎన్నో అడిగాను. చెప్పింది ఎవరి చేతికి పోతుందోనని వాళ్ళెంత భయపడి ఉంటారో మాత్రం ఆ ఒక్కరోజే తెలిసింది. చేతిపంపు ఆ ఏడు రాలేదు. వానల తర్వాత పోడులో జొన్న మాత్రం కోశారు.